తల వెనక ఒక గీత: 'ఇంకా బోన్'కు ఆ పేరు ఎలా వచ్చింది

ఇది కాస్త పెద్ద పోస్టు. రాత్రి మెస్ అయ్యాక తీరిగ్గా చదవండి. టైప్ చేసింది ఒకరే గానీ దీని గురించి నెల రోజులు తిరగేసి మరగేసి మాట్లాడుకున్నది రూములో ఆరుగురం. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

మాది పోస్ట్ మెట్రిక్ హాస్టల్. ఒక్కొక్కరిది ఒక్కో కాలేజీ. డిగ్రీ వాళ్ళం నలుగురం, ఐటీఐ తమ్ముడు ఒకడు, మెడిసిన్ మొదటి సంవత్సరం అన్న ఒకడు. మా ఊళ్ళ వైపు నుంచి మెడిసిన్ సీటు తెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. మెడిసిన్‌లో చేరగానే 'బోన్ సెట్' కొనుక్కోవాలట. అంటే మనిషి ఎముకలు, నిజమైనవి. కొత్తది కొనే డబ్బులు ఎక్కడివి, సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు. పుర్రెను తువ్వాలులో చుట్టి, కాలేజీ బ్యాగులో పెట్టుకుని, సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఐటీఐ తమ్ముడు మూడు రాత్రులు పక్క రూములో పడుకున్నాడు. ఇంట్లో ఎవ్వరికీ చెప్పకూడదని ఒట్లు పెట్టుకున్నాం. మా అమ్మలకు తెలిస్తే ఊరి దిసారిని వెంటబెట్టుకుని హాస్టల్‌కే వచ్చేస్తారు.

నాలుగో రోజుకు భయం పోయింది. అన్న చదువుతుంటే మేమూ పక్కన కూర్చుని చూసేవాళ్ళం. పుర్రె అంటే కుండలా ఒకటే ముక్క అనుకునేవాళ్ళం ఇన్నాళ్ళూ. కాదు. మొత్తం 22 ఎముకలు, అందులో మెదడు చుట్టూ ఉన్నవి 8. ఎముకకీ ఎముకకీ మధ్య వంకరటింకర గీతలు ఉంటాయి. వాటిని సూచర్లు అంటారు. సూచర్ అంటే కుట్టు అనే అర్థం, ఆసుపత్రిలో గాయానికి వేసే కుట్టుకు కూడా అదే మాట. నుదురు దాటాక ఈ చెవి నుంచి ఆ చెవి వైపు అడ్డంగా ఒక కుట్టు. అక్కడి నుంచి నడినెత్తి మీదుగా వెనక్కి నిలువుగా ఇంకో కుట్టు. తల వెనక, గుడిసె కప్పు రెండు వైపులా దిగినట్టు, ఇంకొకటి. ఆ కప్పు కింద ఉండేది వెనక ఎముక.

మా రూములో ఉన్న పుర్రెకు ఆ వెనక ఎముక మీద ఒక గీత ఎక్కువ ఉంది. గుడిసె కప్పుకి కింద దూలం వేసినట్టు, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా. దాంతో పైన మూడు మూలల ఎముక ఒకటి విడిగా కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మకీ దీనికీ పొంతన కుదరలేదు. విరిగిన పుర్రె అంటగట్టారేమో అని అన్న బాధపడ్డాడు. మర్నాడు క్లాసుకు తీసుకెళ్ళి చూపించాడు.

అక్కడ ఒకాయన చూసి, "ఇది ఇంకా బోన్. పాతకాలపు ట్రైబ్స్‌కి ఉంటుంది. నీ తలకి కూడా ఉందేమో చూసుకో" అన్నాడట. క్లాసంతా నవ్వింది. ఆయన పేరూ ఆ కాలేజీ పేరూ ఇక్కడ అనవసరం. ఆయన తిట్టాలని అనలేదనీ, ఏదో జోకు వేశాననుకున్నాడనీ అన్నే చెప్పాడు.

అన్న ఆ సాయంత్రం వచ్చి ఈ సంగతి చెప్పాక మేము ఆరుగురం ఏం చేశామో తెలుసా? ఒక్క మాట మాట్లాడకుండా ఎవరి తల వెనక వాళ్ళు తడుముకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. చర్మం మీద నుంచి చేత్తో తడిమితే ఆ గీత తెలియదు. కానీ తడుముకున్నాం. ఆ తడుముకోవడమే మాకు నచ్చలేదు. అందుకే ఈ 'ఇంకా' ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని మొదలుపెట్టాం. మొదట్లో అయితే తెలుగు 'ఇంకా' అనుకున్నాం, 'ఇంకో ఎముక' అన్నట్టు. అసలు అర్థం కూడా దాదాపు అదే కదా! కాదు, దక్షిణ అమెరికాలో పెరూ దేశం, అక్కడి ఇంకా ప్రజలు. వాళ్ళ పేరు.

ఆ కథలోకి వెళ్ళే ముందు ఈ గీతలు ఎందుకుంటాయో చెప్పాలి. మన ఇళ్ళల్లో పసిపిల్లలకు మాడు మీద ఆముదం పెట్టడం అందరూ చూసే ఉంటారు. వేలు పెడితే మెత్తగా ఉంటుంది, కింద టిక్ టిక్ మని కొట్టుకుంటుంది. అక్కడ ఇంకా ఎముక రాలేదు. పుట్టేటప్పుడు తల ఎముకలు విడివిడిగా ఉంటాయి. ఇరుకు దారిలో నుంచి బిడ్డ బయటికి రావాలంటే అవి ఒకదాని మీదికి ఒకటి జరగాలి. తర్వాత మెదడు పెరుగుతుంటే ఎముకలు దాంతో పాటు అంచుల దగ్గర పెరుగుతాయి. ముందు మాడు మామూలుగా ఏడాది దాటాక, రెండేళ్ళ లోపు పూడుతుంది. కుట్లు మాత్రం చాలా ఏళ్ళు అలాగే ఉంటాయి, పెద్దయ్యాక మెల్లగా ఒక్కొక్కటీ కలిసిపోతాయి. (పుట్టుకతోనో, పుట్టిన కొద్ది నెలలకో కుట్లు ముందే మూసుకుపోయి తల ఒక పక్కకి సాగే జబ్బు ఒకటి వేరే ఉంది. అలాంటి బిడ్డ మీ ఊళ్ళో ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపండి. ఆపరేషన్ ఉంటుంది.)

వెనక ఎముక సంగతి ఇంకొంచెం చిత్రం. అది పైకి ఒకటే ఎముకలా ఉంటుంది గానీ తల్లి కడుపులో రెండు రకాలుగా తయారవుతుంది. కింది భాగం ముందు మెత్తటి మృదులాస్థిగా వచ్చి తర్వాత ఎముక అవుతుంది. పై భాగం పల్చటి పొర నుంచి నేరుగా ఎముక అవుతుంది. ఈ రెండూ సాధారణంగా పుట్టకముందే కలిసిపోతాయి. కొందరిలో కలవవు. కలవకపోతే మధ్యలో గీత, పైన విడి ఎముక. అంతే. నొప్పి లేదు, లోపం లేదు, బతికినన్నాళ్ళూ ఆ మనిషికి తెలియనే తెలియదు. ఎక్స్‌రే తీసినప్పుడు ఎముక విరిగిందేమోనని డాక్టర్లు పొరబడకుండా ఉండటానికి తప్ప, వైద్యంలో దీనికి పెద్ద పని లేదు.

ఇలా కుట్ల మధ్య చిన్న చిన్న ఎముకలు అదనంగా ఉండటం చాలా మామూలు సంగతి. వాటికి 'వార్మియన్ బోన్స్' అని పేరు. డెన్మార్క్ దేశంలో కోపెన్‌హాగన్‌లో ఓలె వోర్మ్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు, 1588లో పుట్టి 1654లో పోయాడు. ఒంటికొమ్ము గుర్రం కొమ్ము అని రాజులు బంగారం పోసి కొనేది నిజానికి ఒక సముద్ర జంతువు దంతం అని 1638లో తేల్చి చెప్పింది ఈయనే. ఆయన తల కుట్లలో ఉండే ఈ ఎముకల గురించి రాస్తే, ఆయన పేరే వాటికి పెట్టారు.

ఇక్కడ మా రూములో ఒకడు అన్న మాట ఇది: "డెన్మార్క్ ఆయన చూస్తే ఎముకకి చూసినోడి పేరు. పెరూలో తవ్వితే ఎముకకి చచ్చినోడి పేరు." ఎవరూ దాన్ని 'డేన్ ఎముక' అనలేదు, డెన్మార్క్ వాళ్ళ తలలు వేరే జాతి తలలు అని రాయలేదు. ఆ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం.

ఇప్పుడు పెరూ. ఇంకాలు తమ పెద్దలను పాతిపెట్టి మరిచిపోయే మనుషులు కాదు. చనిపోయిన రాజుల దేహాలను పాడవకుండా భద్రపరిచి, పండగలప్పుడు బయటికి తెచ్చి, తిండి పెట్టి, మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు. మన దగ్గర పోయిన వాళ్ళ పేరున రాయి నిలబెట్టి, ఏటా ముద్ద పెట్టి పిలుచుకుంటాం కదా, మనకి ఇది కొత్తగా అనిపించదు. 1559లో పోలో దె ఒందెగార్దో అనే స్పానిష్ అధికారి ఆ రాజుల దేహాలను వెతికి పట్టుకున్నాడు. కొన్నింటిని లిమా నగరానికి పంపించి ఒక ఆసుపత్రిలో పెట్టారు. మామూలు జనం సమాధులు మాత్రం ఆ తర్వాత మూడు వందల ఏళ్ళ పాటు బంగారం కోసం, మట్టి పాత్రల కోసం, చివరికి పుర్రెల కోసం తవ్వుతూనే ఉన్నారు.

1838 నుంచి 1842 దాకా యోహాన్ యాకోబ్ ఫాన్ చుడి అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పెరూలో తిరిగాడు. జంతువులు, పక్షులు, భాషలు అన్నీ రాసుకున్నాడు, సమాధుల్లోని పుర్రెలూ చూశాడు. పెరూ దేశస్తుడే అయిన మరియానో ఎడ్వర్డో దె రివేరోతో కలిసి 1851లో వియన్నాలో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు, పెరూ పురావస్తువుల మీద. అందులో పాత పెరూలో మూడు జాతులు ఉండేవని చెప్పి, ఆ మూడింటిలోనూ పసిపిల్లల తల వెనక ఈ విడి ఎముక ఉంటుందని రాశారు. వేరే మనుషుల్లో ఉండదట, వీళ్ళకే ఉంటుందట. అక్కడితో ఆగితే సరిపోయేది. ఇది నెమరు వేసే జంతువుల్లోనూ, మాంసం తినే జంతువుల్లోనూ కనిపించే ఎముక అని కూడా కలిపారు. అలా 'ఇంకా ఎముక' పుట్టింది.

చూడండి, రివేరో బయటివాడు కాదు, అదే నేల మీద పుట్టి, పెరూ జాతీయ మ్యూజియం నడిపినవాడు. ఇంకా నాగరికత అంటే గర్వమున్న మనిషి. అయినా పుర్రె చేతిలోకి తీసుకునేసరికి యూరప్ కొలబద్దతోనే కొలిచాడు. చదువుకున్నాక మనమూ మన ఊరిని ఎవరి కళ్ళతో చూస్తున్నామో ఒకసారి అడుక్కోవాలనిపించింది మాకు. సరే, అది వేరే పోస్టు.

వాళ్ళ మాట ఎంతకాలం నిలబడింది? ఎక్కువ కాలం నిలబడలేదు. 1880లో రష్యాలో అనూచిన్ అనే పండితుడు పుర్రెల్లో కనిపించే ఇలాంటి తేడాలను దేశదేశాల వారీగా లెక్కపెట్టాడు. పెరూ పుర్రెల్లో ఈ ఎముక మిగతా వాళ్ళ కంటే ఎక్కువే, కానీ పెరూలో కూడా వందలో కొద్దిమందికే. మిగతా దేశాల్లోనూ ఉంది, యూరప్‌లోనూ ఉంది. 1889లో వాషింగ్టన్ మాథ్యూస్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు అరిజోనాలో తవ్విన పాత పుర్రెల్లో ఇదే ఎముక చూసి రాశాడు. 2001లో హనిహారా, ఇషిదా అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు ప్రపంచం నలుమూలల పుర్రెలను పోల్చి చూశారు. అన్ని ఖండాల్లోనూ ఉంది. కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. మన దేశపు మెడికల్ కాలేజీల పుర్రెల్లో కూడా చూశామని మన అనాటమీ వాళ్ళు ఎన్నో సార్లు అచ్చు వేశారు. మా రూములో ఉన్న పుర్రె కూడా పెరూ నుంచి రాలేదు కదా మరి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 'అందరూ ఒకటే, తేడాలే లేవు' అని చెప్పేస్తే అది కూడా అబద్ధమే. తేడాలు ఉన్నాయి. ఒక లోయలో వందల ఏళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న జనంలో కొన్ని గుర్తులు ఎక్కువగా కనిపిస్తాయి. ఏ పాత జనం ఏ జనానికి దగ్గర చుట్టమో తెలుసుకోవడానికి ఇలాంటి గుర్తులు పనికొస్తాయని 1967లో బెర్రీ, బెర్రీ అనే ఇద్దరు (ఇద్దరి ఇంటిపేరూ అదే) రాసిన పేపర్ తర్వాత చాలామంది ఆ పని చేస్తున్నారు. చుట్టరికం చూడటం ఒకటి, మెట్లు కట్టడం ఒకటి. గీత ఎక్కువమందిలో ఉందా తక్కువమందిలో ఉందా అన్నది లెక్క. ఆ గీత ఉన్నవాడు జంతువుకి దగ్గర అన్నది లెక్కలో నుంచి రాలేదు, రాసినవాడు తన ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.

ఇది మేము కోపంతో అంటున్న మాట కాదు. ఎందుకంటే ఇంకో గీత కథ ఉంది. మమ్మల్ని ఆరోజు రాత్రి నిద్రపోనివ్వనిది ఇదే.

నుదురు ఎముక కూడా పుట్టినప్పుడు రెండు ముక్కలు. ముక్కు పైనుంచి నెత్తి దాకా నిలువుగా గీత ఉంటుంది. మెటోపిక్ సూచర్ అంటారు. మామూలుగా రెండేళ్ళ లోపే పూడిపోతుంది. కొందరిలో జీవితాంతం ఉండిపోతుంది. అంటే తల వెనక గీత కథే, ముందు వైపు జరిగింది. కలవాల్సిన రెండు ముక్కలు కలవలేదు, అంతే తేడా.

ఈ నుదుటి గీత యూరప్ పుర్రెల్లో కాస్త ఎక్కువగా, ఆఫ్రికా పుర్రెల్లో తక్కువగా కనిపించింది. అప్పుడు 19వ శతాబ్దపు పండితులు కొందరు ఏమన్నారంటే, ఇది గొప్ప మెదడుకు గుర్తు అన్నారు. మెదడు ముందు భాగం బాగా పెరుగుతోంది కాబట్టి ఎముకలు కలవడానికి వీలు లేక గీత ఉండిపోయింది, నాగరికుల లక్షణం ఇది, అన్నారు. అంతకుముందే 1856లో ఫ్రాన్స్‌లో గ్రాషియోలె అనే శరీర శాస్త్రవేత్త ఇంకో మెట్టు కట్టాడు. నల్లవాళ్ళలో తల ముందు వైపు కుట్లు త్వరగా మూసుకుపోతాయట, అందుకని మెదడు ఎదుగుదల ఆగిపోతుందట. తెల్లవాళ్ళలో ఆలస్యంగా మూసుకుంటాయట, అందుకని మెదడు పెరుగుతూనే ఉంటుందట.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఐరోపావాడి నుదుట గీత మిగిలిపోతే అది తెలివి. పెరూవాడి తల వెనక గీత మిగిలిపోతే అది జంతు లక్షణం. కుట్టు మూసుకుపోతే నల్లవాడు వెనకబడ్డాడు. మూసుకోకపోతే ఇంకా వాడు వెనకబడ్డాడు. గీత ఉన్నా తప్పే, లేకపోయినా తప్పే. మా ఊళ్ళో ఫారెస్టు వాళ్ళతో మాట్లాడినట్టే ఉంది, పట్టా ఉంటే నకిలీ అంటారు, లేకపోతే ఆక్రమణ అంటారు.

మెదడుకీ కుట్టుకీ సంబంధం వాళ్ళు చెప్పినట్టు ఉండదు. మెదడు సైజులో చాలా భాగం చిన్నప్పుడే, ఆరేడేళ్ళకే, పెరిగిపోతుంది. కుట్లు పూడటం ఎక్కువగా ఆ తర్వాత ఎప్పుడో జరిగే పని. నుదుటి గీత ఉన్నవాళ్ళు ఎక్కువ మార్కులు తెచ్చుకోరు, వెనక గీత ఉన్నవాళ్ళు తక్కువ తెచ్చుకోరు.

పుర్రెల పిచ్చి ఆ రోజుల్లో ఎంత ఉండేదంటే, అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో శామ్యూల్ మార్టన్ అనే డాక్టర్ దేశదేశాల నుంచి పుర్రెలు తెప్పించుకుని గుట్టలు పోశాడు. 1839లో అమెరికా ఆదివాసుల పుర్రెల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఎవరి తలలో ఎంత మెదడు పడుతుందో కొలవడానికి పుర్రెలో గింజలు పోసి, వాటిని గొట్టంలో పోసి కొలిచేవాడు. తర్వాత గింజలతో లెక్క సరిగా రావడం లేదని సీసం గుళ్ళు పోశాడు. పెరూ దగ్గర ఆయనకు చిక్కు వచ్చింది. పుర్రెలేమో చిన్నవి, కట్టిన ఊళ్ళు, రోడ్లు, కొండల మీద మడి చెక్కలేమో అంత గొప్పవి. దాంతో పాత పెరూ జాతి వేరు, ఇంకా జాతి వేరు అని రెండుగా చీల్చాడు. కొన్నేళ్ళకు ఆ మాట ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఆ పుర్రెల గుట్ట చివరికి పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియానికి చేరింది. 2021 ఏప్రిల్‌లో ఆ మ్యూజియం క్షమాపణ చెప్పింది.

పెరూ పుర్రెల గురించి ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేం. 1860లలో స్క్వియర్ అనే అమెరికా దౌత్యవేత్తకు కుస్కో నగరంలో ఒక పుర్రె దొరికింది. అందులో నలుచదరంగా కోసిన కిటికీ ఉంది. బతికున్న మనిషికి చేసిన ఆపరేషన్ అది. న్యూయార్క్ డాక్టర్లకు చూపిస్తే వాళ్ళు ఒక పట్టాన నమ్మలేదు. 1867లో పారిస్‌లో బ్రోకా అనే పెద్ద సర్జన్ చూసి నిజమేనన్నాడు. పుర్రెలు కొలిచి జాతులకు మెట్లు కట్టిన వాళ్ళలో ఆయనా ముఖ్యుడే, అయినా ఇది మాత్రం ఒప్పుకోక తప్పలేదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం ఇంకా కాలంలో ఇలా తల ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో నూటికి 75 నుంచి 83 మంది బతికారు. ఎముక అంచు మళ్ళీ మానిన గుర్తును బట్టి అది తెలుస్తుంది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో అలాంటి ఆపరేషన్లలో సగం మంది దాకా చనిపోయారు. నేటి మత్తుమందులు లేకుండా, ఇనుము లేకుండా, కొండల్లో చేసిన వైద్యం. దీనికేమో ఇంకా వాళ్ళ పేరు పెట్టలేదు.

మరి మన వైపు? మన దగ్గర కొలతలు ఎక్కువగా బతికున్న తలల మీదే జరిగాయి. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆంగ్లేయుడు ఉండేవాడు. కొలత పరికరాలు పట్టుకుని దక్షిణ దేశమంతా తిరిగి తలలు, ముక్కులు, ఎత్తులు కొలిచాడు. 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాలు వేశాడు. కోయ, కోండు, సవర, గదబ, చెంచు, జాతాపు, అందరం అందులో ఉన్నాం, అక్షర క్రమంలో. మన పండగల గురించి, పేర్ల గురించి పనికొచ్చే సంగతులు కూడా చాలా ఉన్నాయి, కాదనం. ముందుమాటలో ఆయనే ఒక ముచ్చట రాసుకున్నాడు. వయనాడ్‌లో పనియ ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే పరుగు తీశారట, బాగున్న వాళ్ళను పట్టుకెళ్ళి లోపల గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని. నీలగిరిలో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబం అనుకుని ఒప్పుకోలేదట.

ఆయన నవ్వుకుంటూ రాశాడు అది. మేము నవ్వలేకపోయాం. ఆ ఆడవాళ్ళు అనుకున్నది మరీ అంత తప్పా? మనుషులను మ్యూజియంలో పెట్టారు కదా నిజంగానే. శ్రీలంక ఆదివాసులు వెద్దాల పుర్రెలు తొమ్మిది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఉండిపోయాయి, 2019 నవంబరులో వాళ్ళ పెద్దను పిలిచి చేతికి ఇచ్చారు. 2024 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక వేలం సంస్థ నాగా మనిషి పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగా సంఘాలు గట్టిగా అడ్డుకుంటే, నాగాలాండ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాస్తే, వేలం నుంచి తీసేశారు. 2024లో! మనలో కొందరు ఆ సంవత్సరమే ఇంటర్ పరీక్షలు రాశాం.

ఇక మా రూములో ఉన్న మనిషి. 'పుర్రె' అనడం మానేశాం మేము. ఎవరో మనకు తెలియదు, ఆడో మగో అన్న చూసి చెప్పాడు, ఆడమనిషేనట బహుశా. మెడికల్ కాలేజీలకు చేరే ఎముకలు ఎక్కువగా ఎవరూ రాని శవాలవి. ఒకప్పుడు మన దేశం నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి, ప్రపంచం మొత్తానికి ఎముకలు వెళ్ళేవి, 1985లో ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. ఎవరూ రాని శవం అంటే ఎవరూ లేని మనిషి అని కాదు. కబురు అందని ఊరి మనిషి కావచ్చు. బస్సు చార్జీలు లేక రాలేకపోయిన ఇంటి మనిషి కావచ్చు. పనికి వలస వెళ్ళి మళ్ళీ రాని వాళ్ళు మన ఒక్కో ఊళ్ళో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి.

పెట్టెలో పడేసి ఉంచడం బాగాలేదని ఐటీఐ తమ్ముడే (మూడు రాత్రులు పారిపోయినవాడే) ఒక చెక్క పెట్టె చేసుకొచ్చాడు. లోపల కొత్త తువ్వాలు పరిచాం. కొత్త బియ్యం వండుకున్న రోజున ఇళ్ళ దగ్గర పెద్దలకు ముద్ద తీసి పెడతాం కదా, ఈ ఏడాది హాస్టల్‌లో ఉండిపోయాం కాబట్టి మెస్ అన్నంలోనే ఒక ముద్ద తీసి పెట్టె ముందు పెట్టాం. వార్డెన్ సారుకు చెప్పకండి.

అన్నకు మొన్న వైవా జరిగింది. పరీక్షకు వచ్చింది వేరే కాలేజీ మేడమ్. బల్ల మీద ఉన్న పుర్రెను తిప్పి, ఈ గీత ఏంటి అని అడిగిందట. అక్కడ కూడా అదే ఉంది! అన్న "ఇంటర్ పారైటల్ బోన్ మేడమ్" అన్నాడు. ఇంకో పేరు ఉంది కదా అని అడిగింది. ఉంది మేడమ్ అని, చుడి, రివేరో, 1851, వియన్నా, పశువుల ఎముక మాట, అనూచిన్ లెక్క, అంతా ఆగకుండా చెప్పేశాడు. మేడమ్ కాసేపు ఆ పుర్రెనే చూసి, ఇవన్నీ సిలబస్‌లో లేవు కదా, ఎక్కడ చదివావు అని అడిగిందట.

హాస్టల్‌లో అని చెప్పాడట.